రాయని స్కోరు

“సంతకం పెట్టకండి!”

ఎలియేజరు చేతిలో పెన్ను ఆగిపోయింది. సువార్తమ్మ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకు పూరీ పిండి అంటుకుని ఉంది. పంతొమ్మిదేళ్ల కాపురంలో భర్త చేసే పనికి ఆమె అడ్డు చెప్పడం అదే మొదటిసారి!

ఆ కాగితం నర్సాపురం కాలేజీది. ఆటల కోటాలో రెబెకాకు సీటు ఇస్తున్నామని, తండ్రి సంతకం చేసి శనివారం లోపల ఫ్యాక్స్ పంపాలని అందులో ఉంది. బల్ల మీద ఇంకో కాగితం ఉంది. అది మద్రాసు కాలేజీది. దాన్ని రెబెకా అప్పటికే మడిచి కవర్లో పెట్టేసింది.

“ఏంటమ్మా... నీ లెక్క చూసేగా నేను నర్సాపురం అన్నాను!” అంది రెబెకా.

నీ లెక్క! ఆ మాట వినగానే సువార్తమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఉదయం ఆరాధనలో పాస్టరుగారు చదివిన వాక్యం ఒక్కటీ ఆమెకు గుర్తు లేదు. చర్చి నుంచి ఈ ఎడారి దేశంలో, సనాబిస్‌లోని తమ ఫ్లాటుకు వచ్చేదాకా కారులో ఆమె ఒకే ఒక స్కోరు మననం చేసుకుంటూ వచ్చింది...

రెబెకాకు పదిహేడేళ్లు. ఈసా టౌన్‌లో బడి చదువు ముగించింది. బడి ఫుట్‌బాల్ జట్టుకు నాలుగేళ్లు గోల్‌కీపరు. సెలవు రోజు, శుక్రవారాలు, హిద్‌లో పోర్టు కార్మికుల క్యాంపు పక్క ఇసక మైదానంలో అమ్మిరాజు దగ్గర ప్రాక్టీసు చేసేది. అమ్మిరాజు, ఎలియేజరు పోర్టులో క్రేన్లు నడుపుతారు. ఆ రోజు అమ్మిరాజు కూడా భోజనానికి వచ్చాడు.

రెండు కాలేజీలూ ఒకే లీగులో ఉన్నాయి. కానీ ఆ లీగులో మూడు డివిజన్లు. మద్రాసు జట్టు మొదటి డివిజన్‌లో రెండో స్థానం. అక్కడ ఇద్దరు కీపర్లు ముందే ఉన్నారు, రెబెకా మూడోది అవుతుంది. నర్సాపురం జట్టు మూడో డివిజన్‌లో మొదటి స్థానం. అక్కడ కీపరు చదువు ముగించి వెళ్లిపోయింది, మొదటి మ్యాచ్ నుంచి గోల్ రెబెకాదే. మద్రాసు గట్టిదని అందరికీ తెలుసు. ఎంత గట్టిది? తేడా కొద్దిగా ఉంటే నర్సాపురంలో ఆడి పేరు తెచ్చుకోవచ్చు. ఎక్కువగా ఉంటే అక్కడ ఎంత ఆడినా సెలెక్టర్లు కన్నెత్తి చూడరు. పిల్ల భవిష్యత్తు ఆ తేడా మీద ఉంది.

“ఆ జట్లు ఎప్పుడూ ఎదురుపడవు వదినా. ఏనుక్కీ ఎద్దుకీ కుస్తీ పెడితే ఎవరు గెలుస్తారో మనకేం తెలుస్తది?” అన్నాడు అప్పట్లో అమ్మిరాజు.

“నేను తేలుస్తాను,” అంది సువార్తమ్మ.

ఆమె ఫ్లాట్లలో పిల్లలకు లెక్కలు చెబుతుంది. ఆమె తమ్ముడు షాలేమ్ వాళ్ల సొంత ఊరు నర్సాపురంలోనే డ్రిల్లు మాస్టారు. లీగు ఫలితాలన్నీ అతనికి వస్తాయి. వారం వారం ఆమె ఫోన్ చేసేది, అతను చదివేవాడు, ఆమె రాసుకునేది. వేలూరు జట్టు మొదటి డివిజన్ నుంచి రెండోదానికి దిగింది; అక్కడ ఎవరిమీద ఎన్ని గోల్స్ కొట్టింది? గుడివాడ జట్టు మూడోదాని నుంచి రెండోదానికి ఎక్కింది. అక్కడ ఎన్ని తిన్నది? దిగినవాళ్లనీ ఎక్కినవాళ్లనీ మెట్లు చేసుకుని ఆమె పై జట్టునూ కింది జట్టునూ కొలిచింది. నూట నలభై రెండు మ్యాచ్‌లు! చివరికి తేల్చింది: మద్రాసు, నర్సాపురం ఆడితే తేడా రెండు గోల్స్.

స్కోర్లు చదవడానికి షాలేముకు ఐదు నిమిషాలు పట్టేది. కార్డు అయిపోయేదాకా ఆమె ఫోన్ పెట్టేది కాదు. ఫోన్లో వెనక నుంచి వాన వినిపించేది. రేకుల మీద వాన... రేవు దాటించే పంటు హారను... ఎవరో ఎవరినో పిలుస్తున్న కేక... ఆమె కళ్లు మూసుకునేది. మైదానం కనిపించేది. గోదావరి గట్టు, గట్టు కింద గోల్, గోల్ ముందు రెబెకా. గట్టు మీద గొడుగు వేసుకుని తను! గుడివాడ మీద మూడు–ఒకటి అని అతను చెబుతుంటే ఆ మూడు గోల్సూ ఆమెకు కనిపించేవి. కార్డు అయిపోయాక కళ్లు తెరిస్తే ఎదురుగా కిటికీ, కిటికీ అవతల పార్కింగు, ఎండ...

నర్సాపురం అయితే పిల్లను ఒంటరిగా ఉంచడమెందుకు, ఇల్లు తీసుకుని నేను తోడుంటానని ఆమె అంది. నిజమే కదా అన్నారందరూ. మద్రాసు అయితే హాస్టలు. అప్పుడు ఆమెకు ఇక్కడే, ఈ కిటికీ దగ్గరే...

“చెప్పు సువార్తా, ఎందుకు వద్దంటున్నావ్?” అన్నాడు ఎలియేజరు.

“ఒక మ్యాచ్ రాయలేదండీ...”

“ఏ మ్యాచ్?”

“జనవరిలో కప్పు పోటీ పెట్టారంట. దానికి డివిజన్ల పట్టింపు లేదు. మద్రాసువాళ్లూ నర్సాపురంవాళ్లూ ఆడారు...”

అమ్మిరాజు కూర గిన్నె పక్కకు జరిపాడు. “ఎదురుపడ్డారా! స్కోరెంత వదినా?”

“ఏడు–సున్నా!”

సువార్తమ్మ తలెత్తలేదు. “తమ్ముడు చెప్పిన రోజే రాయాలి. పెన్ను తీశాను... చెయ్యి రాలేదు. అది రాస్తే నా లెక్క పోతుంది. లెక్క పోతే నర్సాపురం పోతుంది. నర్సాపురం పోతే... ఇంటికి వెళ్లాలనిపించిందండీ! నా కోసమే దాచాను! పిల్లకు మంచిదని కాదు... నా కోసం!”

ఎలియేజరు లేచి నిలబడ్డాడు. “బిడ్డ చదువుతో ఆటలాడతావా! ఇది నువ్వేనా? నీ లెక్క మీద ఇల్లంతా ఊగిందే! రేపు ఈ పిల్ల అక్కడ కూర్చుని ఏడిస్తే ఏం చెప్పేదానివి?”

“ఏం చెప్పేదాన్నో... రోజూ నన్ను నేను అదే అడుగుతున్నాను...” ఆమె పిండి చేతులతోనే ముఖం కప్పుకుంది. కన్నీళ్లు వేళ్ల సందుల్లోంచి మోచేతుల దాకా జారాయి.

“ఇప్పుడైనా చెప్పింది కదన్నయ్యా, వదిలెయ్,” అన్నాడు అమ్మిరాజు. తర్వాత రెబెకా వైపు తిరిగాడు. “అయినా మద్రాసు వెళ్తే ఏం చేస్తావే? మూడో కీపరుకి కుర్చీ వేసి మజ్జిగ ఇస్తారు. రెండేళ్లు తాగుతా కూర్చో!”

రెబెకా నవ్వలేదు. బల్ల మీదున్న తల్లి స్కోర్ల పుస్తకం దగ్గరకు లాక్కుంది. జనవరి పేజీ తీసి, అంచున ఖాళీ చూసుకుని, ఏడు, సున్నా అని రాసింది.

“ఏడు గోల్స్ ఎవరు కొట్టారమ్మా? ఒక్కళ్లేనా?”

“నలుగురు,” అంది సువార్తమ్మ ముఖం మీంచి చేతులు తీయకుండానే. ఆమెకు అన్నీ తెలుసు. “నర్సాపురం పిల్ల ఇంకో ఇరవై ఆపిందంట...”

“నలుగురు! మ్యాచ్‌కి నేను కూర్చుంటాను బాబాయ్, ఒప్పుకుంటా. ప్రాక్టీసుకి కూర్చోబెట్టరు కదా? ఆ నలుగురూ రోజూ నాకే కొడతారు. వారానికి ఆరు రోజులు. ఆ బంతులు నాకు నర్సాపురంలో ఎవరు కొడతారు?”

అమ్మిరాజు ఎలియేజరు వైపు తిరిగాడు. “ఇదేదో మనం ముందే అనుకోవాల్సింది అన్నయ్యా!”

రెబెకా కవరు లోంచి మద్రాసు కాగితం తీసి తండ్రి ముందు పెట్టింది. ఎలియేజరు భార్య వైపు చూశాడు. ఆమె తలూపింది. అతను సంతకం చేశాడు. కాగితం మీద పెన్ను గీసిన ఆ చప్పుడుకు సువార్తమ్మ కళ్ల ముందు మైదానం చెరిగిపోయింది. గట్టు పోయింది, గొడుగు పోయింది... పోనీ. దేవుడు చూస్తుండగా పిల్లకు అన్యాయం చేయలేదు. అది చాలు అనుకుంది. లేచి వంటగదిలోకి వెళ్లబోయింది.

రెబెకా వెనక నుంచి వచ్చి పట్టుకుంది.

“అమ్మా, నీకు ఊరెళ్లాలనుంటే ఊరెళ్లు. దానికి నేను అడ్డమెందుకు? నేను అక్కడ ఆడితేనే నువ్వు వెళ్లాలా?”

“ఏం చెప్పి వెళ్లనే? ఆడపిల్లకు తోడంటే అందరూ సరే అంటారు. ఊరికే వెళ్తానంటే... మనిషిని ఇక్కడ వదిలేసి వెళ్లిందంటారు.”

“ఎవరంటారు?” అన్నాడు ఎలియేజరు.

అతను బల్ల దగ్గర నుంచి వంటగది గుమ్మం దాకా వచ్చాడు. గొంతులో కోపం లేదు.

“ఎన్నాళ్ల నుంచి ఉంది ఈ దిగులు?”

“తెలియదండీ... లెక్క పెట్టలేదు.”

“పోర్టులో కంటెయినరు దింపితే ఎంత బరువో చెబుతాను నేను. నీ మనసులో ఏముందో ఒక్కనాడు అడగలేదు.” అతను కండువా కోసం భుజం తడుముకున్నాడు. లేదు. చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. “అక్కడ ఆరు నెలలు దాటితే ఇక్కడి నీ వీసా పోతుంది. ఐదు నెలలు ఉండు. వానాకాలమంతా ఉండు. మద్రాసులో దీన్ని దింపి అటే వెళ్లు. ఎవరైనా అడిగితే నేనే పంపించానని చెప్పు.”

“వద్దు!” అంది సువార్తమ్మ. అందరూ ఆమె వైపు చూశారు. “మీరు పంపించారని చెప్పను. ఇంకోటి దాచలేను. నాకు వెళ్లాలనిపించింది, వెళ్తున్నాను అంటాను!”

“అలాగే చెప్పు.”

“మరి మీ భోజనం?”

“ఆయ్, క్యాంపులో మా మెస్సు ఉందిగా వదినా! అన్నయ్యకి ఐదు నెలల్లో నడుం కనిపిస్తది,” అన్నాడు అమ్మిరాజు.

ఎలియేజరు ఆ మాట వినిపించుకోలేదు. పొయ్యి వైపు, గిన్నెల వైపు, అరలో వరసగా ఉన్న డబ్బాల వైపు చూశాడు. పెళ్లయ్యాక అతను ఆ గుమ్మం దాటి లోపలికి వచ్చింది లేదు. ఇప్పుడు దాటాడు. బియ్యం డబ్బా ఏదో తెలియక రెండు మూతలు తీసి చూశాడు. మూడోది బియ్యం. గ్లాసు నిండా ముంచి ఆమె ముందు పట్టుకున్నాడు.

“దీనికి నీళ్లెన్ని పొయ్యాలి?”

“రెండు గ్లాసులు...” అంది సువార్తమ్మ. ఏడుస్తూనే అంది. “బియ్యం ముందు కడగాలండీ...”