బయటి పిల్ల

ఆదివారం ప్రభువు బల్ల దగ్గర విక్టర్ మాస్టారు ద్రాక్షారసం ఒలకబోశాడనీ, పొద్దున్నే పుచ్చుకుని వచ్చుంటాడనీ ఎదురింటి జగ్గమ్మ కుళాయి దగ్గర అందట. జగ్గమ్మ చర్చి మొహం చూసింది లేదు. అయినా అంది. బిందె దింపుతూనే దేవమణి ఆ మాట కోడలి మీద పారేసింది.

"ఇన్నావా? నా కొడుకు తాగుబోతట! మేనరికం కాదని పాతపట్నం నుంచి బయటి పిల్లని తెచ్చుకున్నాడు. కీడు అక్కడే మొదలైనాది."

రూబీ దోసె తిరగేసింది. పదకొండేళ్లుగా వింటున్న మాటే. ముప్పై ఆరేళ్ల మొగుడికి పార్కిన్సన్ అనే వణుకు జబ్బని విశాఖలో డాక్టరు తేల్చి మూడు నెలలైంది. మాత్రలున్నాయి కదా అని అందరూ ఊరుకున్నారు. ఆమె ఊరుకోలేదు. ముసలివాళ్లకొచ్చే జబ్బు ఈ వయసులో ఎందుకొచ్చిందో తేలాలని పట్టుబట్టి విక్టర్ రక్తం జన్యు పరీక్షకు పంపింది. నిన్ననే దాని ఫలితం వచ్చింది.

అంతలో దేవమణి తమ్ముడు సత్యం గుమ్మంలో చెప్పులు విడిచాడు. ఆయన కొడుకు బెన్హర్‌కీ, విక్టర్ చెల్లెలు షాలినికీ పెళ్లి. వచ్చే ఆదివారం చర్చిలో ఈ పెళ్లి ప్రకటన చదవాలి. దానికి సంతకాలు పెట్టించుకుందామని వచ్చాడు.

"ఆగండి బాబాయ్," అంది రూబీ. "ముందు పిల్లలిద్దరికీ రక్తపరీక్ష సెయ్యించాల."

"ఏటి? మా పిల్లలికేటి రోగం?"

గదిలోంచి వచ్చిన విక్టర్, వణుకుతున్న కుడిచేతిని ఎడమచేత్తో అదిమిపట్టి, క్లాసులో చెప్పినట్టే చెప్పాడు. "మావా, మెదడు కణాల్లో పాడైన సామాను పోగవుతాది. దాన్ని ఎత్తి పారేయించే జన్యువొకటుంటాది. నాలో అది పనిసెయ్యట్లేదు. సెత్త పేరుకుని, ఒంటిని కదిలించే కణాలు సచ్చిపోతన్నాయి."

"మరి మీ నాన్నకి వణికిందా? నాకు వణికిందా?" అడ్డుపడింది దేవమణి.

"ఇంటికి రెండు తాళంచెవులున్నాయనుకోండి అత్తా," అంది రూబీ. "ఒకటి అరిగినా రెండోదాంతో తలుపు తీసీస్తాం. మీకూ మావయ్యకీ అలా జరిగిపోయింది. ఈయనకి మీ నుంచి అరిగిందే వచ్చింది, ఆయన నుంచీ అదే వచ్చింది. మీ అమ్మగారు సొంత తమ్ముడికే మిమ్మల్నిచ్చారు కదా, ఇద్దరివీ ఒక్కింటి తాళంచెవులే."

దేవమణి కోడలి పక్కనే కూర్చుంది. "అయితే నా మనవరాలు అనితమ్మకి?"

"పాపకి నేనిచ్చింది వేరే ఊరి తాళంచెవి. వచ్చే భయం సానా తక్కువని డాక్టరన్నాడు."

పిండి అంటిన కోడలి చేతిని దేవమణి ఒళ్లోకి లాక్కుంది. "కన్నతల్లినే ఈ రోగం ఇచ్చీసినానా?" అంది.

"తెలిసి ఇచ్చినావేటమ్మా?" అన్నాడు విక్టర్.

"రేపే ఎల్దాం వదినా," అంది తలుపు పక్కన నిలబడి వింటున్న షాలిని. "ఏదున్నా తెలిసే సంతకం పెడతాను."

సత్యం లేచాడు. "నీకు కావాలంటే ఎల్లు. నా కొడుకు రాడు. అప్పా, మా ఇంట్లో అలాటి సెడ్డ రక్తం లేదు."

దేవమణి కళ్లు తుడుచుకుని, తమ్ముడి చేతిలోని ప్రకటన కాగితం లాక్కుంది.

"ఒరే, ఒక్క కడుపునే పుట్టినాం. నాలో ఉన్నది నీలో లేదని నీకెవుడు సెప్పినాడ్రా?"