ఒక్క ‘వద్దు’

ఒక్క ‘వద్దు’ ముందు వంద ‘సరే’లు చెల్లవని నాకు మొదట చెప్పింది మా ఆఫీసు సర్వర్. రెండోసారి చెప్పింది నేను చేసుకోవాలనుకున్న అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ. సర్వర్ సంగతి ఒక్క పూటలో తేలిపోయింది. అమ్మమ్మగారి దగ్గర నా పెళ్ళే ఆగిపోయింది.

మాది ఇళ్ళకీ బడులకీ ప్లాన్లు గీసే ఆఫీసు. ట్రైనీగా ఉన్న నన్ను ఆర్కిటెక్ట్‌ని చేసి, మా పెద్దాయన ఒక కొత్త బడి పని నా చేతిలో పెట్టారు. సంబరంగా వచ్చి కూర్చుంటే సర్వర్‌లో ఆ బడి ఫోల్డర్ తెరుచుకోదే! మీకు అనుమతి లేదు పొమ్మంటుంది. పక్క సీటాయనకి భేషుగ్గా తెరుచుకుంటుంది.

ఒళ్ళు మండి సర్వర్ గదిలోకి దూసుకెళ్ళాను. అక్కడ కొత్తగా చేరిన సిస్టమ్ అడ్మిన్ ఏసీ చలికి శాలువా కప్పుకుని పని చేసుకుంటోంది. ఎవరికి ఏ ఫోల్డర్ తెరుచుకోవాలో చూసేది ఆమే కాబట్టి ఆఫీసంతా తాళాలమ్మాయి అనేవారు.

“ఆర్కిటెక్ట్‌నై వారం కాలేదు, అప్పుడే తీసేశారా నన్ను?” అన్నాను వెటకారంగా.

“తీసెయ్యడం నా చేతిలో ఉంటే, మీరలా తోసుకొచ్చినప్పుడే తీసేసేదాన్ని. కూర్చోండి,” అంది తలెత్తకుండా.

కూర్చున్నాను. ఇంతలో పెద్దాయన ఫోన్ చేసి, ఆ అబ్బాయికి అన్నీ తెరిచి పారెయ్యమ్మా, గొడవ వదిలిపోతుంది అన్నారు. ఆమె ససేమిరా అంది. కారణం తెలియకుండా తాళం తీస్తే ఇంకెవరెవరికి తీశామో మనకే తెలియదండీ అని నెమ్మదిగా చెప్పి ఫోన్ పెట్టేసింది. జీతమిచ్చే మనిషికి అంత మర్యాదగా అడ్డం చెప్పడం నేనెక్కడా చూడలేదు.

బయట వాన మొదలైంది. ఎవరెవరు తెరవచ్చో చెబుతూ ఆ ఫోల్డర్‌కి తగిలించిన గ్రూపుల్ని ఆమె ఒక్కొక్కటే విప్పి చూస్తుంటే, నేను బుద్ధిగా ఆమెని చూస్తూ కూర్చున్నాను. తెచ్చుకున్న కోపం ఎటు పోయిందో తెలీదు.

“దొరికింది,” అంది. “మీరు రెండు గ్రూపుల్లో ఉన్నారు. ఆర్కిటెక్టుల గ్రూపు రమ్మంటోంది. ట్రైనీల గ్రూపు వద్దంటోంది. మిమ్మల్ని కొత్తదాంట్లో చేర్చారు గానీ పాతదాంట్లోంచి తియ్యలేదు.”

“రమ్మనేవాళ్ళు కూడా ఉన్నారుగా?”

“ఎంతమంది రమ్మన్నా, ఒక్క గ్రూపు వద్దంటే వద్దే. సర్వర్‌కి మొహమాటం లేదు.”

ఎప్పుడో ఒక ట్రైనీ ఒక ప్రాజెక్టు మొత్తం చెరిపేశాడట. అప్పట్నుంచి ట్రైనీలందరికీ కలిపి ఆ ‘వద్దు’ పెట్టారట. ఎవడో చేసినదానికి నేను బలి! ఆమె నన్ను ఆ గ్రూపులోంచి తీసింది. పరుగున వెళ్ళి చూశాను. అబ్బే, తెరుచుకోలేదు. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాను.

ఆమె మొదటిసారి నవ్వింది. “గ్రూపు మారాక మీరు పూర్తిగా బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రావాలి. అప్పుడే లెక్క. లాగాఫ్ అయి లాగిన్ అవ్వండి.”

అయ్యాను. తెరుచుకుంది. ఆనాటి నుంచి నా కంప్యూటర్‌కి లేని రోగాలన్నీ వచ్చాయి. ఆమె వచ్చేది, చూసేది, ఏమీ అనకుండా వెళ్ళేది. ఒకరోజు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని, తేడా కంప్యూటర్‌లో లేదు, అసలు సంగతి చెప్పండి అంది. నీళ్ళు నమిలి నమిలి చెప్పాను. అయితే మా ఇంట్లో కూడా అడగండి అంది. చెవులు ఎర్రబడ్డాయి, ఆమెవి కావు, నావి.

వాళ్ళ నాన్నగారు సరే అన్నారు. అమ్మగారు సరే అన్నారు. అమ్మమ్మగారు వద్దన్నారు. కారణం చెప్పలేదు, మాట మార్చలేదు. ఉండబట్టలేక, పెద్దావిడకి చెప్పకుండా రిజిస్టర్ పెళ్ళి చేసుకుందామా అని ఆమెని అడిగాను.

“పెద్దాయన అడిగితేనే దొడ్డిదారి ఇవ్వలేదు, మీకిస్తానా?” అంది. “నన్ను పెంచింది ఆవిడ. మిమ్మల్ని ఏ గ్రూపులో పెట్టిందో ఆవిణ్ణే అడిగి కనుక్కోండి.”

కోపం రావాల్సింది పోయి, ఆ మనిషి మీద గౌరవం ఇంకాస్త పెరిగింది. చేసుకుంటే ఈమెనే చేసుకోవాలి, లేకపోతే లేదు.

మర్నాడు వాన పడుతుండగానే వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మమ్మగారు వంటింట్లో నిలబడి కూరలు తరుగుతున్నారు. నేను చేసిన తప్పేమిటని అడిగాను.

“నువ్వేం చెయ్యలేదు బాబూ. మీ జాతివాళ్ళు చేశారు.”

ఈ ఇల్లు గీసిన ఆర్కిటెక్ట్ తాతగార్ని అడిగాడట, మేస్త్రీని అడిగాడట, వండే మనిషిని మాత్రం అడగలేదట. “వెలుతురంతా నా వీపు మీద పడుతుంది. ఇన్నేళ్ళూ నా నీడలోనే కూరలు తరుక్కున్నాను. ఇంట్లో ఉండే మనిషిని అడగని వాళ్ళకి పిల్లనెలా ఇస్తాను?”

మళ్ళీ ఎవడో చేసినదానికి నేనే బలి! కానీ ఈసారి ఒళ్ళు మండలేదు. కత్తి అడిగి తీసుకుని ఆవిడ చోట నిలబడ్డాను. నా వేళ్ళు నాకే కనబడలేదు. మా వాళ్ళ తరఫున సిగ్గుపడ్డాను.

టేపు తీసి కొలతలు మొదలుపెట్టాను. చెయ్యి ఎంత ఎత్తున ఉంటే నొప్పి పుట్టదు, పొయ్యి ఎటుంటే వీలు, అన్నీ ఆవిణ్ణే అడిగి, చెప్పింది చెప్పినట్టు గీశాను.

“గోడ పగలగొట్టాలా?” అన్నారు.

“అక్కర్లేదు అమ్మమ్మగారూ. వంటగట్టుని కిటికీ కిందికి తెస్తే చాలు.”

ఆవిడ కూరలు తరిగే చెక్క పట్టుకెళ్ళి కిటికీ దగ్గరి బల్లమీద పెట్టుకుని, వెలుతుర్లో ఒక వంకాయ తరిగారు. ఇంకొకటి తరిగారు.

“ఆ ‘గారూ’ తీసెయ్,” అన్నారు చివరికి. “అమ్మమ్మా అని పిలువు.”

వెనక నిలబడి అంతా వింటున్న తాళాలమ్మాయి కళ్ళు తుడుచుకుంది. వెంటనే ఆఫీసు గొంతు తెచ్చుకుంది.

“మీ గ్రూపు మారింది. ఒకసారి బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రండి.”

వానలో గేటు దాకా వెళ్ళి, తిరిగొచ్చి తలుపు తట్టాను. బంగారంలాంటి పిల్లాడనుకుంటే ఇలా తడుస్తూ తిరుగుతాడేమిటే అని అమ్మమ్మ లోపల్నుంచి అడుగుతోంది. తాళాలమ్మాయి తలుపు తీసింది.