ధవళేశ్వరంలో ఆగే చుక్క

"ఇది తూర్పు ముఖం ఇల్లు కాదండి," అంది సత్యవాణి గేటు దగ్గరే ఆగిపోయి. "నైరుతి."

యుగంధర్ తడి గొడుగు మూసి ఆకాశం వైపు చూశాడు. మృగశిర కార్తె మబ్బు దట్టంగా పట్టింది. సూర్యుణ్ణి సాక్ష్యానికి పిలిచే వీలు లేదు.

"నైరుతి ముఖంగా ఎవరూ కట్టుకోరండి."

"నా ఫోన్లో కంపాస్ యాప్ చెప్తోంది."

"నా ఫోన్లో తూర్పే చూపిస్తోందండి."

"అమ్మేవాళ్ళ ఫోన్లు అలాగే చూపిస్తాయి."

రాజమండ్రిలో రియల్ ఎస్టేట్ చేసేవాడికి ఓర్పు ఎక్కువ ఉండాలి. అతను ఆమె మాటకు నొచ్చుకోకుండా ఆమె ఫోన్ వైపు చూశాడు. పర్సులా మూసుకునే కవర్. దాని మూత వెనక్కి మడిచి పట్టుకుంది.

"ఆ కవర్ ఒక్కసారి తీస్తారా?"

"ఎందుకండి?"

"దాని గుండీలో అయస్కాంతం ఉంటుందండి. మీ ముల్లు పాపం దానికే దణ్ణం పెడుతోంది."

ఆమె కవర్ తీసింది. ముల్లు అటూ ఇటూ ఊగి, మెల్లగా సర్దుకుని, ఇంటి ముఖం తూర్పని చూపించింది. అతను నవ్వలేదు. అతని మీద మంచి అభిప్రాయం కలగడం అక్కడే మొదలైందని ఆమె చాలా రోజుల తర్వాత ఒప్పుకుంది.

"అయినా ఈ ఇల్లు వద్దండి."

"ఎందుకని?"

"వంటగది బాలేదు."

"మనం ఇంకా గేటు దాటలేదండి."

ఈసారి నవ్వింది ఆమే.

సత్యవాణి ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఊళ్ళో వాళ్ళందరి మోకాళ్ళూ వంచగలదు గానీ, ఇంట్లో తండ్రి మోకాళ్ళ దగ్గర ఓడిపోయింది. బుల్లియ్యగారు ఒకప్పుడు కొవ్వూరు రేవుకి లాంచీ నడిపిన సరంగు. భార్య పోయాక కూతురితో కలిసి అద్దె ఇంట్లో ఉంటున్నాడు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఉగాది తర్వాత ఆయన కింద కాలు పెట్టలేదు. గోదావరి ఉన్న ఊళ్ళోనే ఉంటూ గోదావరిని చూడలేకపోవడం గురించి ఆయన ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. అందుకే సత్యవాణికి మరీ కష్టంగా ఉండేది. మెట్లు లేని ఇల్లు కొనాలని యుగంధర్ దగ్గరికి వచ్చింది.

యుగంధర్ వ్యాపారమంతా ఫోన్లోనే ఉంది. ఇంటి కాగితాలు ఫోన్‌తోనే స్కాన్ చేసి పంపేవాడు. ఇల్లు చూసేటప్పుడు వీడియో కాల్ పెట్టి, కుర్చీలో ఉన్న బుల్లియ్యగారికి గది గదీ తిప్పి చూపించేవాడు. కెమెరాతో కొలిచే యాప్ ఒకటి ఉంది, దానితో ప్రతి గడపనీ కొలిచి, "అంకుల్ కాలు ఇంత లేపాలండి" అని సత్యవాణికి మెసేజ్ పెట్టేవాడు. ఇంతకుముందు ఏ ఏజెంటూ గడప ఎత్తు చెప్పలేదు. ఆ మెసేజ్‌లను ఆమె అవసరం తీరాక కూడా చెరపలేదు.

"మీకేం కావాలో ఈ ఇళ్ళ యాప్‌లో పెడితే, అలాంటి ఇల్లు వచ్చిన వెంటనే ఫోన్ మోగుతుందండి. చెప్పండి."

"గ్రౌండ్ ఫ్లోర్. తూర్పు ముఖం. మంచినీళ్ళు. గోదావరి గాలి."

"గాలికి ఇందులో చోటు లేదండి."

"అయితే మీరు గుర్తుపెట్టుకోండి."

గుర్తుపెట్టుకున్నాడు.

మొదటి రోజుల్లో బుల్లియ్యగారు గంటకోసారి ఫోన్ చేసేవాడు, ఎక్కడున్నారని. యుగంధర్ ఆయన ఫోన్‌కి తన లొకేషన్ పంపాడు. "మ్యాప్‌లో నేను కదులుతూ కనిపిస్తానండి. ఇక అడగక్కర్లేదు." గంటసేపటికి పెట్టాల్సింది, ఆపేదాకా అని పెట్టాడు. ఆ తర్వాత మరిచిపోయాడు. కూతురు ఆసుపత్రికి వెళ్ళాక ముసలాయనకు మ్యాప్‌లో కదిలే ఆ చుక్కే తోడు. ఒకప్పుడు ఏ పడవ ఎక్కడుందో రేవులో నిలబడి చూసే కళ్ళకు మళ్ళీ పని దొరికింది. చుక్క కడియం వెళ్ళేది, నర్సరీల మధ్య తిరిగేది, బొమ్మూరు మీదుగా వచ్చేది.

ఇళ్ళు మాత్రం ఒక్కటీ కుదరలేదు.

"హుకుంపేట ఇంటికి ఏమైందండి?"

"గేటు రంగు."

"రంగు మార్చొచ్చు కదండి."

"మారిస్తే పాతది గుర్తొస్తుంది."

బొమ్మూరు ఇంటికి ఎదురింటి కుక్క అడ్డం వచ్చింది. ఇంకొకటి అన్నీ బాగున్నాయి గనుక అనుమానంగా ఉందట. ప్రతిసారీ ఇల్లు వద్దనేశాక, వాన తగ్గేదాకా ఇద్దరూ ఏ టీకొట్టు చూరు కిందో నిలబడేవాళ్ళు. వాన తగ్గినా ఇంకాసేపు నిలబడేవాళ్ళు.

"రేపు ఏ ఇల్లండి?" అని అడిగేది ఆమె.

అలాంటి రోజుల్లోనే యుగంధర్‌కి ధవళేశ్వరం ఇల్లు కనబడింది. ఏ యాప్‌లోనూ లేదు. అతను ఫొటోలు తీసుకున్నాడు, కానీ ఎక్కించలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. సాయంత్రం వెళ్ళి ఆ ఇంటి ముందు బండి ఆపుకుని కూర్చుని, రేపు చెప్తాను అనుకుని తిరిగొచ్చేవాడు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం జోరువానలో సత్యవాణి ఫోన్ చేసింది. "మీరొకసారి మా ఇంటికి రాగలరా? ఇల్లు చూడ్డానికి కాదండి."

వెళ్ళేసరికి బుల్లియ్యగారు రెండో అంతస్తు మలుపులో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో చెప్పులు. పైకి వెళ్ళలేడు, కిందికి రాలేడు. సత్యవాణి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆయన కాలు నిమురుతోంది.

"ఎక్కడికి బయల్దేరారు అంకుల్?"

"ధవళేశ్వరం."

యుగంధర్ తల తుడుచుకోవడం ఆపేశాడు.

"అక్కడెవరున్నారు నాన్నా?" అంది సత్యవాణి.

"అదే కదమ్మా చూసొద్దామని. ఇతను రోజూ సాయంత్రం పోయి అక్కడ ఒక ఇంటి ముందు ఆగుతాడు. ఎంతసేపటికీ కదలడు. ఆ ఇంట్లో అమ్మాయెవరో తెలిస్తే, నిన్ను ముందే హెచ్చరిద్దామనుకున్నాను."

"నీకెలా తెలుసు?"

ఆయన ఫోన్ చూపించాడు. గుండ్రటి చుక్కలో యుగంధర్ ఫొటో, సరిగ్గా వాళ్ళ మేడ మీద నిలబడి ఉంది.

"నువ్వు ఆపలేదు, నేను ఆపమనలేదు బాబూ. నువ్వు తిరుగుతుంటే నేనూ కాస్త తిరిగినట్టుండేది."

సత్యవాణి మెట్ల ఊచలకేసి చూస్తూ అడిగింది. "ఎవరండి ఆవిడ?"

"అప్పాయమ్మగారని..."

"ఏం చేస్తుంటారు?"

"డెబ్భై దాటాయండి. ఇల్లు అమ్మకానికి పెట్టారు."

సత్యవాణి ఊచల మీంచి చూపు అతని వైపు తిప్పింది.

"ఎలాంటి ఇల్లు?" అన్నాడు బుల్లియ్యగారు.

"మెట్లే లేవండి. గట్టు రోడ్డూ, ఇంటి వసారా ఒకే ఎత్తు. కుర్చీ వేసుకుంటే ఎదురుగా గోదావరి."

మోకాలు రుద్దుకుంటున్న ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఇన్నాళ్ళూ తెలిసే చెప్పలేదా?" సత్యవాణి లేచి నిలబడింది. "ఈ మెట్ల మీద పడిపోయుంటే మా నాన్న గతేమిటండి?"

"తప్పేనండి." అతను గోడ వైపు చూస్తూ చెప్పాడు. "ఆ ఇల్లు చూస్తే మీకు నచ్చుతుంది. నచ్చితే రిజిస్ట్రేషన్ అయిపోతుంది. ఆ మర్నాడు మీకు ఫోన్ చేసి ఏమని మాట్లాడాలో తెలియలేదండి. మీతో మాట్లాడకుండా ఉండటం నావల్ల కాదు."

ఆమె నాన్న చేతిలోని చెప్పులు తీసి మెట్టు మీద పెట్టింది. కోపంగా ఉందో లేదో తెలియడం లేదు.

"ఇతన్ని తర్వాత తిడుదువు గానీ," అన్నాడు బుల్లియ్యగారు, "బొమ్మూరు ఇంటికి ఏమొచ్చిందమ్మా?"

"ఎదురింటి కుక్క నాన్నా."

"నీకు కుక్కలంటే ప్రాణం కదా."

సత్యవాణి సరిగ్గానే ఉన్న చున్నీని మళ్ళీ సర్దుకుంది.

"మీకు కుక్కలంటే ఇష్టమాండి?" అన్నాడు యుగంధర్ మెల్లగా.

"ఇప్పుడది అవసరమా అండి?"

చెవుల దాకా ఎర్రబడింది. అయినా ఆమె తల దించుకోలేదు. "నేనూ అదే చేశాను, కావాలనే ఇళ్ళు వద్దన్నాను. సరేనా? నాన్నా, నన్ను కూడా తిట్టు."

"మీ ఇద్దరినీ తిట్టే ఓపిక నాకు లేదు. కిందికి దింపండి. ఇంత దూరం వచ్చాక పైకి పోను."

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరూ ఎత్తారు. "వెన్ను వంచకండి, మోకాళ్ళు వంచండి," అని ఆమె మెట్టుమెట్టుకీ చెప్పింది. అతను ఎంత చెబితే అంత వంచాడు.

ధవళేశ్వరం చేరేసరికి వాన వెలిసింది. బుల్లియ్యగారు ఆటో దిగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వసారాలోకి నడిచి కూర్చున్నాడు. ఎదురుగా ఎర్రనీళ్ళు నిండుగా పోతున్నాయి. కూతురు దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే, ఆ చేతిని తట్టాడు.

అప్పాయమ్మగారు టీ తెచ్చి పెట్టింది. "నచ్చితే శ్రావణంలో చేరండి. ఆషాఢంలో వద్దు. గృహప్రవేశానికి వ్రతం చేయించండి, ఈ ఇంట్లో నా పీటలున్నాయి."

"ఇబ్బంది అక్కడే ఉందండి," అన్నాడు బుల్లియ్యగారు. "పీటల మీద జంట కూర్చోవాలి. మా ఆవిడ నన్నొక్కణ్ణీ వదిలేసి వెళ్ళిపోయింది." అని యుగంధర్ వైపు తిరిగాడు. "ఎవరైనా ఉన్నారా బాబూ, నీ ఎరికలో?"

యుగంధర్ టీ గ్లాసు కింద పెట్టాడు. "పెద్దాపురంలో మా అమ్మకి ఒక మాట చెప్పాలండి."

"ఇవాళే చెప్పండి," అంది సత్యవాణి. "దీన్ని కూడా దాచిపెట్టుకోకండి."

"ఇప్పుడే చేస్తానండి."

ఫోన్ తీసి నంబరు నొక్కబోతుంటే ఆమె మళ్ళీ అంది. "ఆగండి. మీకు పంచె కట్టుకోవడం వచ్చా?"

"రాదండి."

"యాప్ ఉందేమో చూడండి."

"నేనుండగా యాప్ ఎందుకమ్మా," అన్నాడు బుల్లియ్యగారు, కుర్చీ గోదావరి వైపు ఇంకొంచెం జరుపుకుంటూ. "ఇటు రా అబ్బాయ్. అప్పాయమ్మగారి దగ్గర పంచె ఉంటే ఒకటి అడిగి పట్టుకురా, ఇక్కడే నేర్పుతాను."