ఆఖరి ముక్క వదిలేదాకా

“మీ పైథాన్ వల్లే నా లైబ్రరీ కూలిపోతోందండి.”

హన్నాతో విశ్వనాథం మాట్లాడిన మొదటి మాట అదే. పేరైనా అడగలేదు.

“జర కూసోని చెప్పుండ్రి. కూలిపోయేది చూపిస్త,” అంది హన్నా.

తొంభై ఎనిమిది వానాకాలం. నాచారంలో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. భూకంప సంకేతాలను చదివే ప్రోగ్రామ్‌ల కట్టను, అంటే లైబ్రరీని, విశ్వనాథం సీ భాషలో రాశాడు. శాస్త్రవేత్తలు రెండు లైన్లలో గ్రాఫ్ గీసుకునేలా హన్నా దానికి పైథాన్ అనే తేలిక కంప్యూటర్ భాషను తొడిగింది. గ్రాఫ్ గీస్తుండగానే ప్రోగ్రామ్ చచ్చిపోతోంది. శుక్రవారం డెమోలోగా బాగుపడకపోతే పైథాన్‌ను తీసేస్తామన్నారు మేనేజరు కామాక్షి. ఆ ఆఫీసులో పైథాన్ అంటే హన్నా ఒక్కతే.

ఆమె తెర చూపించింది. “ఫైల్‌ల నుంచి గ్రాఫ్‌కు కావాల్సిన డేటా ముక్క తీసుకున్న. ఫైల్‌తోని ఇంక పనిలేదని పైథాన్ దాన్ని వదిలేసింది. వెంటనే మీ లైబ్రరీ మెమరీ మొత్తం ఖాళీ చేసింది. నా ముక్క ఇంకా ఆ ఖాళీ జాగనే చూస్తున్నది, అందుకే కూలిపోతున్నది.”

“ఫైల్ మూస్తే మెమరీ వదిలేయాలి కదండీ.”

“అద్దెకున్నోళ్లు లోపలుండంగనే ఇల్లు కూలగొడ్తరా?”

విశ్వనాథానికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. “పోనీ, కాపీ చేసుకోండి.”

“గంత డేటా కాపీ చేస్తే ఈ మెషిన్ ఆగమైతది. ప్రతి ముక్క తన ఫైల్‌ను పట్టుకొని ఉండేటట్టు రాస్త. ఎందరు పట్టుకున్నరో పైథానే లెక్క చూసుకుంటది. ఆఖరి ముక్క వదిలినంకనే మీ మెమరీ ఖాళీ అయితది.”

విశ్వనాథం కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. బయట వాన దంచుతోంది. ఆమె టైప్ చేస్తుంటే అతని చూపు తెర మీద కంటే ఆమె ముఖం మీదే ఎక్కువసేపు నిలిచింది. హన్నా గమనించింది, గమనించనట్టు కూర్చుంది.

శుక్రవారం పొద్దున డెమోలో మొదలైన గ్రాఫులు సాయంత్రం దాకా ఆగలేదు.

“ఎవరు చేశారిది?” అడిగాడొక పెద్ద శాస్త్రవేత్త.

“లైబ్రరీ నాదండి. దాన్ని నిలబెట్టింది హన్నా గారు,” అన్నాడు విశ్వనాథం, కాస్త గట్టిగానే.

హన్నా తల వంచుకోలేదు. ఆ గది అంతటినీ ఒకసారి చూసింది.

ఆ సాయంత్రం ఉప్పల్ బస్టాపులో హన్నాతో ఒకే గొడుగు కింద నిలబడి, తనను పెళ్లి చేసుకుంటారా అని అడిగాడు విశ్వనాథం.

“నాకిష్టమే. మా నాయిననొచ్చి అడుగుండ్రి,” అంది.

ఆదివారం చర్చిలో హన్నావాళ్ల ప్రార్థన అయ్యాక చిల్కానగర్‌లోని వాళ్లింటికి వెళ్లాడు. “మీ అమ్మాయిని పెళ్లి చేసుకుందామనుకుంటున్నానండి. మా అమ్మకి చెప్పే వచ్చాను,” అన్నాడు.

రైల్వేలో పనిచేసే హన్నా తండ్రి కృపానందం అతణ్ణి ఎగాదిగా చూశాడు. “మా బిడ్డ ఏం పని చేస్తదో ఎరుకేనా నీకు?”

విశ్వనాథం చెప్పడం మొదలుపెట్టాడు. టీ చల్లారిపోయింది. కృపానందం మధ్యలో ఆపలేదు.

“నాకు ఒక్క ముక్క సమజ్ కాలే. కానీ నా బిడ్డ గురించి గింత గర్వంగ చెప్పినోన్ని నేనింతవరకు సూడలే,” అని లోపలున్న భార్య వైపు తిరిగాడు. “లూర్దమ్మా, అల్లునికి అన్నం పెట్టు.”

వంటింట్లోంచి హన్నా గొంతు వినిపించింది. “నాయినా, ఆయన ఒకటి తప్పు చెప్పిండు. ఫైల్‌ను పట్టుకొని ఉంచేది ఆయన లైబ్రరీ కాదు, నా కోడ్.”

“అవునండి,” అన్నాడు విశ్వనాథం మురిసిపోతూ. “ఆవిడ కోడే.”