మేట్రనమ్మ తట్టిన పాదం

ఆ సిక్ రూముకి మొదటి నుంచీ మంచి పేరు లేదు.

చర్చి వాళ్ళు ఏటా పిల్లలకి పెట్టే ఆ క్యాంపు స్థలంలో గదులకేం తక్కువ లేదు. మగపిల్లల హాలు, మైదానానికి ఇవతల ఆడపిల్లల హాలు, వంటశాల, సామాన్ల కొట్టు... వాటి మీద ఫిర్యాదులు బోలెడు. కథలు మాత్రం లేవు. కథ ఉన్నది, ఒంట్లో బాగాలేని పిల్లల్ని పడుకోబెట్టే ఈ ఒక్క సిక్ రూముకే. ఆడపిల్లల హాలు గుమ్మంలోంచి పొడుగాటి వరండా ఒకటి బయల్దేరుతుంది. దాని ఆ చివర ప్రార్థన గది. నడుమ, సరిగ్గా బల్బు మాడిపోయిన చోట — ఈ గది. లోపల ఒక ఇనుప మంచం. తలుపుకి పిడికెడంత తాళం.

ఇప్పుడొస్తున్న పిల్లల తల్లులు పిల్లలుగా క్యాంపుకి వచ్చిన రోజుల్లో అక్కడ ఒక మేట్రనమ్మ ఉండేదట. ఆడపిల్లల మంచీ చెడూ చూసే పెద్దావిడన్న మాట. నిద్ర లేపేదీ ఆవిడే. కేకలేసేది కాదు, దుప్పటి లాగేది కాదు. మంచం చివర నిలబడి పాదం మీద రెండుసార్లు తట్టి, "లే తల్లీ, నీ వంతు" అనేది. నీళ్ళ దగ్గర వంతు, ఊడ్చే వంతు, ప్రార్థన వంతు... ఏదైనా ఆ ఒక్క మాటే. ఒక ఏడు క్యాంపు నడుస్తుండగానే ఆవిడకి జ్వరం తగిలింది. ఆ సిక్ రూములో, ఆ ఇనుప మంచం మీదే... పోయింది.

పోయినావిడ పోయినట్టు ఊరుకోలేదని చెప్పుకుంటారు.

రాత్రిపూట మంచం జరిగిన చప్పుడు... తర్వాత చెప్పుల్లేని అడుగులు... తర్వాత పాదం మీద రెండు దెబ్బలు, మెత్తగా. కళ్ళు తెరిస్తే — ఎవరూ ఉండరు. అందుకే ఎంత ఉక్కపోసినా సరే, ఆ హాల్లో ఏ ఆడపిల్లా పాదాలు దుప్పటి బయట పెట్టి పడుకోదు.

"మా రోజుల్లో దెయ్యాలు పీక పిసికేవి. మీ దెయ్యం ఏంటే, ఉచితంగా అలారం మోగిస్తుంది!" అని నవ్వేది నర్సక్క.

నర్సక్క అంటే ఆసుపత్రిలో నర్సు. ఏటా సెలవు పెట్టుకుని క్యాంపుకి వచ్చి ఆడపిల్లల్ని చూసుకునేది ఆవిడే. యాభైకి దగ్గర పడుతున్నా పిల్లలందరికీ అక్కే. అయితే ఆ నవ్వు పోయిన ఏటి వరకే. ఈ ఏడు వారమంతా రాత్రి డ్యూటీ చేసి, బట్టలు కూడా మార్చుకోకుండా బస్సెక్కి వచ్చింది. నవ్వాలన్నా ఒంట్లో ఓపికుండాలి కదా!

ఒంటి అలసట అయితే నిద్రపోతే తీరుతుంది. ఆవిడది అది కాదు. ఏడాదిగా ప్రార్థనకి మోకరిస్తే మాట రావడం లేదు. వస్తే గిస్తే, వార్డులో రోగుల బంధువులకి చెప్పే మాటలే వస్తున్నాయి — చూద్దాం, డాక్టరుగారు వస్తారు, కాస్త ఓపిక పట్టండి. దేవుడికి చెప్పే మాటలా అవి? అవతల వేదిక మీద ప్రసంగీకులు గొంతు పగిలేలా "ఉజ్జీవం, ఉజ్జీవం" అంటున్నారు, చల్లారిన భక్తి మళ్ళీ రాజుకోవాలని. ఇవతల పిల్లలు ఆవలింతలు మింగుతున్నారు. వాళ్ళ వెనక వరసలో కూర్చున్న నర్సక్క, మింగకుండానే ఆవలిస్తోంది.

అందుకని ఒక నిర్ణయానికొచ్చింది. ఇదే ఆఖరు. ఇక రాను. పొద్దున్నే పాస్టరుగారికి చెప్పేయాలి.

చెప్తే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. పాస్టరుగారు పోయిన ఏడే అన్నారు: "అమ్మా, తల్లిదండ్రులు నా మొహం చూసి పంపుతున్నారనుకుంటున్నారా? మీరున్నారని పంపుతున్నారు. మీరు మానేసిన ఏడు ఆడపిల్లల హాలుకి తాళమే." అయినా సరే. ఎండిన బావిలో ఎన్నిసార్లు చేద వేస్తాం?

ఆ సాయంత్రమే పిల్లల్లో ఒకతి అడిగింది. దాన్ని అందరూ మిరపకాయ అంటారు. నోరు అలాంటిది.

"అక్కా, నిజం చెప్పండి. ఏటా ఆఖరి రోజు అందరం ఏడుస్తాం. బస్సెక్కగానే మొహం కడుక్కుంటాం. ఇంటికెళ్ళేసరికి మళ్ళీ మామూలే. దీనికి ఉజ్జీవం అని పేరెందుకు?"

"నోర్ముయ్యవే," అంది నర్సక్క. అది తన మనసులో ఉన్న మాటే.

ఇక ఆ రాత్రి. ఆఖరి రాత్రి గొలుసు ప్రార్థన ఉంటుంది. అదేమిటో చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. రాత్రంతా ప్రార్థన గది ఖాళీగా ఉండకూడదు. గంటకొకరు చొప్పున లాంతరు పట్టుకెళ్ళి మోకరించాలి. గంట కాగానే హాలుకొచ్చి తర్వాతి వాళ్ళ పాదం తట్టి, లాంతరు చేతికిచ్చి, అప్పుడు పడుకోవాలి. మేట్రనమ్మ పెట్టిన పద్ధతే అది. మధ్యలో ఒక్కరు నిద్రపోయారా, గొలుసు తెగినట్టే. ఆ క్యాంపులో ఎన్ని తెగాయో గానీ — కుళాయిలు, కరెంటు తీగలు, మంచాల నవార్లు — గొలుసు మాత్రం ఎన్నడూ తెగలేదు.

నడిరాత్రి దాటాక వచ్చే గంట ఎవరికీ వద్దు. ఆ గంట ఏటా నర్సక్కదే. "నాకు రాత్రుళ్ళు అలవాటేలే," అని తనే తీసుకునేది. ఆవిడకి ముందు మిరపకాయ. ఆవిడ తర్వాత చిన్నది — క్యాంపుకి అదే మొదటిసారి, తన నీడ చూసి తనే ఉలిక్కిపడే రకం.

పాదం మీద రెండు తట్లు.

"అక్కా... మీ వంతు," గుసగుసగా అంది మిరపకాయ. లాంతరు వెలుగులో దాని మొహం పాలిపోయి ఉంది. "ఆ గది ముందు ఆగకండి. లోపల... మంచం జరిగింది."

"ఎలుకలే."

"ఎలుకలు మంచాలు జరుపుతాయా అక్కా?"

"ఆసుపత్రిలో మా ఎలుకలు ఆక్సిజన్ సిలిండర్లే జరుపుతాయి. పడుకో పో."

నర్సక్క వరండాలోకి నడిచింది. గాలి చల్లగా ఉంది. బల్బు మాడిన చోటికొచ్చేసరికి — కిర్రు...

ఆగింది.

మళ్ళీ ఏమీ లేదు. తాళం తాళంలాగే వేలాడుతోంది. ఎందరి కళ్ళు మూసిన చేతులో ఆవిడవి. అయినా అడుగు కాస్త వడిగా పడింది.

ప్రార్థన గదిలో లాంతరు పెట్టి మోకరించింది. "ప్రభువా..." అంది. అంతే. తర్వాత మాట లేదు. ఇంకోసారి "ప్రభువా..." అంది. చూద్దాం, డాక్టరుగారు వస్తారు. ఛీ! బల్ల మీద నుదురు ఆనించింది. చెక్క చల్లగా, హాయిగా ఉంది. ఒక్క నిమిషం... ఒక్కటంటే ఒక్క నిమిషం...

పాదం మీద రెండు తట్లు.

"ఆఁ, లేస్తున్నా," అంది అలవాటుగా. కళ్ళు తెరిచింది.

చీకటి. లాంతరు లేదు. ఎవరూ లేరు.

తను మోకాళ్ళ మీద లేదు. బల్ల పక్కన నేల మీద ముడుచుకుని పడుకుని ఉంది. కిటికీలో చుక్కలు జరిగిపోయాయి. ఎంతసేపయిందో తెలియదు, గంట దాటిందని మాత్రం తెలుస్తోంది. చిన్నదాన్ని ఎవరూ లేపలేదు. గొలుసు తెగింది. ఇన్నేళ్ళలో తెగనిది, తన చేతిలో, తను మానేయబోయే రాత్రి, తెగింది!

గోడ పట్టుకుని వరండాలోకొచ్చింది. నాలుగడుగులు వేసిందో లేదో —

సిక్ రూము తలుపు సందులోంచి వెలుగు.

తాళం లేదు. తలుపు చేరవేసి ఉంది. లోపలి నుంచి గొణుగుడు. మంచం... కిర్రు... కిర్రు.

పారిపోదామంటే హాలుకి దారి ఆ గది ముందు నుంచే. నర్సక్క వేలి కొసతో తలుపు తోసింది.

ఇనుప మంచం మీద తెల్లగా ఒక ఆకారం. తల మీదుగా తెలుపు. వీపు ఇంత వెడల్పు. ముందుకీ వెనక్కీ ఊగుతోంది. ఆకారం ఒకటే... గొంతులు రెండు.

"లేపొద్దు ప్రభువా," అంటోంది ఒక గొంతు.

"లేపొద్దు," అంటోంది రెండోది.

"ఆమె అందరినీ లేపింది. ఆమెనెవరూ పడుకోనివ్వలేదు. ఈ ఒక్క రాత్రి పడుకోనివ్వు. ఆమె వంతు నా లెక్కలో రాసుకో..."

నర్సక్క చేయి తగిలి తలుపు గోడకి కొట్టుకుంది. తెల్లటి ఆకారం గిరుక్కున తిరిగి కెవ్వుమంది. నర్సక్కా కెవ్వుమంది. ఆకారం నడిమికి చీలి, రెండయింది. ఒకటి మిరపకాయ, ఒకటి చిన్నది. ఇద్దరికీ కలిపి ఒకటే దుప్పటి.

"అక్కా! మీరా! చచ్చాం కదా!"

"మీరిద్దరూ ఇక్కడేం చేస్తున్నారే!" నర్సక్క మంచం మీదే కూలబడింది.

మిరపకాయ దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది.

"మీరు ఇక రారట కదా... ఫోన్లో ఎవరితోనో అంటుంటే విన్నాను. నిద్ర పట్టలేదు. అడుగుదామని మీ వెనకే ప్రార్థన గదికొచ్చాను. చూస్తే మీరు నోట్లో ఈగ దూరినా తెలీనట్టు నిద్రపోతున్నారు. లేపుదామని చెయ్యి చాపాను. చాపి... లేపబుద్ధి కాలేదక్కా. మెల్లిగా కింద పడుకోబెట్టి, వెలుగు మీ కళ్ళల్లో పడకుండా లాంతరు తెచ్చేశాను. వరండాలో గాలికి ఒళ్ళు వణుకుతోంది. ఇక ఈ గదే దిక్కు. తాళం ముట్టుకుంటే ఊడొచ్చేసింది. దానికి తాళం వేసే లేదక్కా! ఇన్నేళ్ళూ అందరం చూసి పరిగెత్తాం తప్ప, ఎవరూ ముట్టుకోలేదు."

"మరి ఇందాకటి చప్పుడు?"

"కిటికీ రెక్క. గాలికి మంచానికి కొట్టుకుంటోంది."

"మీ గంట ఈ అక్కే చేసింది," చిన్నది ముక్కు తుడుచుకుంటూ అందుకుంది. "తర్వాత నన్ను లేపింది. నాకు ఒక్కదానికి భయమేస్తుందంటే, ఉండిపోయింది. గొలుసు తెగలేదక్కా."

నర్సక్క మిరపకాయ వంక చూసింది. బస్సెక్కి మొహం కడుక్కుంటామన్న పిల్ల. దెయ్యపు మంచం మీద ఒంటరిగా, ఇంకొకరి గంట మోసిన పిల్ల.

ఏదో అందామనుకుంది. ఏడాదిగా రాని మాట ఒకటి గొంతు దాకా వచ్చింది. అది వీళ్ళతో కాదు, తర్వాత, ఒంటరిగా అనాల్సిన మాట. అందుకని వేలితో చిన్నదాని నుదుటి మీద ఒక్కటిచ్చి, "సరే, లేపొద్దు లేపొద్దు అని అంత భజన చేసి, మళ్ళీ లేపారెందుకే?" అంది.

"ఎవరు లేపారు?" అంది మిరపకాయ.

"ఇప్పుడే. పాదం తట్టింది నువ్వా, ఇదా?"

పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మేం ఈ మంచం దిగలేదక్కా..."

కిటికీ రెక్క ఇప్పుడు కదలడం లేదు. చిన్నది చప్పుడు చేయకుండా రెండు పాదాలూ దుప్పటిలోకి లాక్కుంది. మిరపకాయా లాక్కుంది. కాసేపాగి, నర్సక్క కూడా.

పొద్దున బస్సుల దగ్గర పాస్టరుగారు టీ గ్లాసుతో ఎదురొచ్చారు. రాత్రంతా నిద్రలేదేమో, ఆయన కళ్ళూ గుంటలు పడి ఉన్నాయి.

"ఏదో చెప్పాలన్నారటమ్మా?"

నర్సక్క బస్సు వైపు తిరిగింది. వెనక సీట్లోంచి మిరపకాయ తల బయటపెట్టి చూస్తోంది. ఇంకా మొహం కడుక్కోలేదు.

"ఆ సిక్ రూముకి కొత్త కిటికీ రెక్క వేయించండి," అంది నర్సక్క. "వచ్చే ఏడు గొలుసు ప్రార్థన అందులోనే పెట్టుకుందాం."

"ఆ గదిలోనా! అంటే... మీరు వస్తున్నట్టేనా? ఇకనుంచి మానేస్తారని నాకెవరో చెప్పారే."

"మానేద్దామనే అనుకున్నానండీ." ఆవిడ వంగి చెప్పు పట్టీ సరిచేసుకుంది. చెయ్యి పాదం మీద ఒక్క క్షణం ఎక్కువే ఆగింది. "నా వంతు ఇంకా అయిపోలేదట."

"ఎవరన్నారు?"

నర్సక్క బస్సెక్కింది. అద్దం పక్కన కూర్చుని తిరిగి చూసింది. సిక్ రూముకి, తాళం లేని ఆ తలుపు దానంతటదే... మెల్లిగా... మూసుకుంది.

గాలి మాత్రం లేదు.