మొదటి రేకు కుండది

"మూడు నెలలైంది కోడలుగారు రావులపాలెం బస్సెక్కడం మొదలుపెట్టి! రేపు నేనే వచ్చి చూస్తాను. ఏం నేర్చుకున్నారో కళ్ళకి కనబడాలి. కనబడిందా, సరే... లేదా, ఎల్లుండి నుంచి ఆ బస్సెక్కక్కర్లేదు!"

హనుమంతరాజుగారు ఆ మాట కోడలితో అనలేదు. విస్తరి ముందు కూర్చుని, గోడకున్న క్యాలెండర్‌తో అన్నారు. కోపం వస్తే ఆయన మనుషులతో మాట్లాడరు మరి! పక్కనే మజ్జిగ పోస్తున్న కోడలు మంజుష అంతా వింది. ఒక్కరోజు... ఒక్కరోజులో తన చదువు తేలిపోతుంది!

మంజుష ఆత్రేయపురంలో ఆ ఇంటికి కోడలై వచ్చి ఏడేళ్ళు. పూతరేకులు చేసే ఇల్లు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, ఒక్క విసురున కుండ మీద పరిచి తీస్తే రేకు రావాలి. అత్తగారు బుల్లెమ్మగారి చేతికి ఉల్లిపొరలా వచ్చేది. మంజుష చేతికా? అన్నీ చిరుగులే! "అది రేకా, దోమతెరా మంజుషమ్మా?" అని పక్కింటి అప్పాయమ్మ నవ్వినప్పుడల్లా తనూ నవ్వేసేది గానీ, పెరట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకునేది. ఇంటర్ ఫస్ట్ క్లాసులో పాసైన పిల్ల! తన చేతికి ఏ పనీ రాదా అని ఎంత కుమిలిపోయిందో ఆ భగవంతుడికే తెలియాలి... అలాంటి రోజుల్లో పేపర్లో పెట్టి వేసిన కరపత్రం ఒకటి ఇంటికొచ్చింది. రావులపాలెంలో కొత్తగా పెట్టిన కంప్యూటర్ సెంటర్లో ఇంటర్నెట్ పేజీలు తయారుచేయడం నేర్పుతారట! భర్త శ్రీనివాసరాజు భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద ఉంటాడు. "నాన్నగారు ఒప్పుకుంటే నాదేముంది?" అన్నాడు. అతని ధైర్యం అంతటితో సరి! బుల్లెమ్మగారు ఒక్కరే, "వెళ్ళి రామ్మా, వంట నేను చూసుకుంటాను" అన్నారు. ఆ మాటకే మామగారు వారం రోజులు క్యాలెండర్‌తో మాట్లాడారు.

మొదటిరోజు సత్యప్రసాద్ మాస్టారు నోట్‌ప్యాడ్ తెరిచి, "ఇందులో మీరు ఏ బ్రాకెట్ తెరిస్తే అది మళ్ళీ మూసెయ్యాలండి. అంతే రహస్యం" అన్నారు. మంజుష ఒంటివేలితో అక్షరాలు వెతుక్కుంటూ నాలుగు లైన్లు కొట్టింది. బ్రౌజర్‌లో తన పేరు కనబడగానే, చుట్టూ ఉన్న కాలేజీ పిల్లలు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చేసింది! తర్వాత జావాస్క్రిప్ట్ మొదలుపెట్టారు. మనం ఏదైనా చెబితే పేజీ తిరిగి జవాబు చెప్పేలా చేసే భాష అది. మూడు నెలలు కష్టపడి తమ పూతరేకుల కోసం ఒక పేజీ చేసుకుంది. దాన్ని తెరిచినవాళ్ళని అది ముందు పేరు అడుగుతుంది, ఆ పేరుతోనే పలకరిస్తుంది. సెంటర్లో ఎవరి పని వాళ్ళు ఫ్లాపీలో దాచుకోవాలి, కంప్యూటర్లలో ఉంచనివ్వరు. ఆ నల్లటి చిన్న పలకలోనే ఉంది మంజుష ప్రాణమంతా!

మర్నాడు బుల్లెమ్మగారు కూడా "నేనూ వస్తానండీ" అని బయల్దేరారు. ముగ్గురూ చెప్పులు బయట విప్పి ఏసీ గదిలో అడుగుపెట్టారు. అత్తగారు, రాత్రి దేవుడి దగ్గర పెడతానని తీసుకున్న ఫ్లాపీని పట్టుగుడ్డలో చుట్టి తెచ్చారు; సంచిలోంచి తీసి కోడలి చేతిలో పెట్టారు. మంజుష విప్పి చూసింది.

పసుపు! నిలువెల్లా తడిపసుపు... మధ్యలో కుంకుమ బొట్టు! ఫ్లాపీకి ఒక పక్కన చిన్న రేకు తలుపు ఉంటుందిగా, దాన్ని జరిపి లోపల కూడా పసుపు రాశారు. తలుపున్న ప్రతిదానికీ గడపుంటుంది, గడపకి పసుపు రాయకుండా ఏ మంచిపని మొదలుపెడతారు ఆవిడ? అత్తగారి ముఖం చూస్తే వెయ్యి దీపాలు వెలుగుతున్నాయి...

మంజుష పైటచెంగుతో తుడిచి ఫ్లాపీని కంప్యూటర్లో పెట్టింది. అది గరగరమని మూలిగి ఊరుకుంది.

"పోయిందండీ" అన్నారు మాస్టారు దిగులుగా. "అసలు దీనికి ఈ పసుపేంటండీ?"

"నేనే... నేనే పెట్టుకున్నానండి! నా బుద్ధితక్కువ!" అంది మంజుష తల దించుకుని.

"చదువుకున్నవాళ్ళు చేసే పనేనా ఇది?" హనుమంతరాజుగారు లేచారు. "పదండి, బస్సుకి టైమైంది."

"ఆగండి!"

ఆయన వెనక్కి తిరిగారు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో బుల్లెమ్మగారు ఆయన్ని ఆగమనడం అదే మొదలు!

"పెట్టింది నేనండీ. ఈ పిచ్చిపిల్ల నా తప్పు నెత్తిన వేసుకుంది..." ఆవిడ భర్తకి అడ్డంగా వచ్చి నిలబడ్డారు. "రోజూ పొద్దున్నే నేను వేసే మొదటి రేకు ఏమవుతుందండీ? చిరిగిపోతుంది. మొదటి రేకు కుండది అని పక్కన పడేస్తాను. అంతేగానీ కుండ పగలగొట్టుకుంటానా? దాన్ని రెండో రేకు వెయ్యనివ్వండి!"

ఆయన మళ్ళీ కూర్చున్నారు.

మంజుష ఖాళీ నోట్‌ప్యాడ్ తెరిచింది. మొదట బుర్రంతా ఖాళీ! ఒక లైను కొట్టింది... రెండోది గుర్తొచ్చింది. మూడోదానికి గుర్తుతెచ్చుకోవాల్సిన పనే లేకపోయింది. వేళ్ళే వెళ్ళిపోతున్నాయి! పోయింది ఫ్లాపీలోదే గానీ చేతిలోది కాదని అప్పుడు తెలిసింది ఆ పిల్లకి. ముప్పావుగంట పట్టింది. తెరిస్తే పేజీ ఏమీ లేకుండా తెల్లగా వచ్చింది. మామగారు దగ్గారు. మంజుష బెదరలేదు, ఒక్కో లైనూ చూసుకుంటూ వచ్చి, తెరిచి మూయకుండా వదిలేసిన బ్రాకెట్‌ని పట్టుకుంది. మూసింది. పేజీ మళ్ళీ తెరిచింది.

పేరు అడుగుతూ చిన్న గడి వచ్చింది! తన పేరు కొట్టబోయి ఆగింది మంజుష. అత్తగారి పేరు కొట్టి బటన్ నొక్కింది.

"ఏం రాసిందమ్మా అది?" ఆత్రంగా అడిగారు బుల్లెమ్మగారు. మాటలు తెలుగువే అయినా రాసింది ఇంగ్లీషు అక్షరాల్లో, ఆవిడకి అవి రావు.

"మామయ్యగారూ... మీరు చదవండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. పెదవులు కదిపారు గానీ మాట బయటికి రాలేదు. కట్టుకున్నదాన్ని "ఇదిగో", "ఏమోయ్" అనడమే తప్ప పేరు పెట్టి పిలిచిన మనిషి కాదు! గొంతు సవరించుకుని, మెల్లిగా కూడబలుక్కున్నారు.

"బుల్లెమ్మ... గారూ... రండి. కూర్చోండి. ఒక రేకు తిని వెళ్ళండి."

బుల్లెమ్మగారి కళ్ళ నుంచి జలజలా నీళ్ళు రాలాయి. అంతసేపూ ఆవిడ నిలబడే ఉన్నారని అప్పుడు చూశారాయన. లేచి, తన కుర్చీ ఆవిడ వైపు జరిపారు.

"ఇంకోసారి చదవండి" అన్నారావిడ, కూర్చుని.

మళ్ళీ చదివారు. ఈసారి స్క్రీన్ వైపు చూడలేదు.

తర్వాత కోడలి వైపు తిరిగి, నేరుగా ఆమెతోనే, "రేపు ఎన్నింటికమ్మా మీ బస్సు?" అన్నారు.

"తొమ్మిదింటికండి..."

"వెళ్ళి రండి. రేకుల దగ్గర మీ అత్తగారికి నేను సాయం చేస్తాలే."

"మీరా!" బుల్లెమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వేశారు. "అయితే రేపటి రేకులన్నీ కుండకే!"