పన్నెండో గది పలక

శామీర్‌పేట చెరువు దాటి మేడ్చల్ వైపు తిరిగాక, కొత్త వెంచర్ల హద్దురాళ్ల మధ్య ఒక పెద్దల నివాసం ఉండేది. ముప్ఫై గదులు, ముప్ఫై మంది ముసలివాళ్లు, ముప్ఫై రకాల కోపాలు. పొద్దున భజన, పదింటికి మజ్జిగ, సాయంత్రం క్యారమ్స్. మంగళవారం కాళ్లకూ చేతులకూ వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చేది. శనివారం సుచిత్రలోని కళ్ల డాక్టరు దగ్గరికి వ్యాను వెళ్లేది. పప్పులో ఉప్పు లేదని రోజూ ఒక పంచాయితీ. బయటివాళ్లు అయ్యో పాపం అనుకోవడమే గానీ, లోపల నవ్వులకు కరువు ఉండేది కాదు.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. ప్రతి తలుపుకూ మేకుకు వేలాడే ఒక చిన్న చెక్క పలక. దానికి ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు పచ్చ. రాత్రి తొమ్మిదింటికి కాపలా దుర్గమ్మ అన్నిటినీ ఎరుపుకు తిప్పి పోతుంది. పొద్దున లేచినవాళ్లు తలుపు తీసి ఎవరి పలక వాళ్లు పచ్చకు తిప్పుకోవాలి. లేచాను, బాగున్నాను అని దానికి అర్థం. ఏడు దాటినా ఎరుపే ఉంటే ఆయా లోపలికి వెళ్లి చూడాలి. పచ్చ ఉంటే అక్కర్లేదు. ఒకరి పలక ఇంకొకరు ముట్టకూడదని మేనేజరు మధుసూదన్ వారానికొకసారైనా చెప్పేవాడు.

ఆ ఆయా పేరు జహేదా. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి తెల్లారకముందే షేర్ ఆటోలో వచ్చేది. భర్త ఇబ్రహీం పోయి ఆరేళ్లు. కూతురు రిదా దుండిగల్‌లో అత్తారింట్లో ఉంది. ఇంట్లో తానొక్కతే. ఎదురింట్లో మరిది భార్య అనం ఉండేది. జహేదా లేవగానే నీలం బకెట్టు తెచ్చి గుమ్మం ముందు నల్లా కింద పెట్టేది. బకెట్టు కనబడితే భాభీ లేచిందని అనం తన పనిలో పడేది. ఒంటరి మనిషికి ఆ మాత్రం చూసేవాళ్లు ఉండాలి కదా.

ఇక పదకొండో గది శివమ్మ. కిటికీలోంచి కనిపించే ప్లాట్లలో సగం ఒకప్పుడు వాళ్ల జొన్న చేన్లే. రాత్రంతా మోకాళ్ల నొప్పులతో నిద్ర ఉండదు. తైలం రాసుకుని, మాత్ర వేసుకుని, కోడి కూసే వేళకు కునుకు పడితే ఎనిమిదింటికి గానీ లేవదు. ఏడింటికి జహేదా తలుపు కొడితే దుప్పట్లోంచే ఒక బొంగురు గొంతు వచ్చేది.

"లేసిన బిడ్డా, నువ్వు పో."

లేచింది ఎప్పుడు గనక! ఒకరోజు జహేదా చెయ్యి పట్టుకుని బతిమాలింది. "గా పలక నువ్వే తిప్పరాదు బిడ్డా. గింత నిద్ర పోతా. నీకు పుణ్యముంటది."

ముసలామె నిద్ర చెడగొట్టి బాగుపడేదెవరు? ఆ మర్నాటి నుంచి జహేదా అటుగా పోతూ పలకను పచ్చకు తిప్పేసేది. తలుపు కూడా తట్టేది కాదు. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి.

శివమ్మ లేచాక చేసే మొదటి పని పన్నెండో గది తలుపును తన చేతి వెండి కడెంతో కొట్టడం. టక్, టక్. అందులో మనోరమ ఉండేది. పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన పంతులమ్మ. ఇద్దరూ కలిసి చాయ్‌కి వెళ్లేవాళ్లు. క్యారమ్స్ దగ్గర మాత్రం ఉప్పూ నిప్పే.

రెండువేల పదమూడు డిసెంబరులో ఒక శుక్రవారం సాయంత్రం ఆ క్యారమ్స్ దగ్గరే తగువొచ్చింది. ఎర్ర కాయను అరచేత్తో నెట్టావని మనోరమ అంది. నెట్టలేదని శివమ్మ అంది. మాటకు మాట పెరిగింది. "రేపటిసంది నీతోని చాయ్ తాగితే ఒట్టు," అని శివమ్మ లేచి పోయింది.

మర్నాడు శనివారం. జహేదా రోజూలాగే పదకొండో పలకను తిప్పింది. నలుగురిని వ్యానెక్కించుకుని సుచిత్ర వెళ్లింది. శనివారం శివమ్మకు ఒక్కపొద్దు కాబట్టి టిఫిన్‌కు రాలేదని ఎవరూ కంగారుపడలేదు. పలక పచ్చగా ఉందాయె. పూజలో ఉందనుకున్నారు. సాయంత్రం నాలుగింటికి మనోరమ పంతం వదిలి తలుపు తోసింది. శివమ్మ తలుపు దగ్గర నేల మీద పడి ఉంది. అప్పటికే చల్లబడింది. పొద్దున పడి ఉంటుందనీ, మధ్యాహ్నం దాకా ప్రాణం ఉండి ఉంటుందనీ డాక్టరు చెప్పాడు. తలుపు అడుగున, లోపలివైపు, కడెం గీసిన గీతలు కనిపించాయి.

అందరూ ఒకటే మాట అన్నారు. లేచి, పలక తిప్పి, తర్వాత పడిందని. అలా కాదని తెలిసింది జహేదా ఒక్కదానికే. చెప్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం సంగతి అలా ఉంచి, ఆ మాట నోటితో అనడానికే ఆమెకు భయం వేసింది. నోరు కుట్టేసుకుంది.

కానీ మనోరమ తిండి మానేసింది. జహేదా గిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చుంటే రోజూ అదే అడిగేది.

"పలక తిప్పింది గదా జహేదా. లేసింది గదా. మరి నన్నెందుకు పిలువలే? గంత కోపమా?" తర్వాత గొంతు తగ్గించేది. "పదింటికి కడెం సప్పుడు విన్న. కోపంతోని సామాను సదురుతాందనుకున్న. నేనే పోలే..."

ఒక్క మాట చెప్తే ఆ ముసలి ప్రాణం తేలిక పడుతుంది. శివమ్మ బయటికి రానేలేదు అమ్మా, నీ మీద కోపంతో కాదు అని. ఆ మాట జహేదా గొంతు దాకా వచ్చేది. అక్కడే ఆగిపోయేది. తన పిరికితనం మీద తనకే అసహ్యం వేసేది. అయినా గిన్నె కడుక్కుని వెళ్లిపోయేది.

దినకర్మలయ్యాక పదకొండో గదికి తాళం వేశారు. పలక తీసేశారు. ఖాళీ మేకు మిగిలింది.

ఆ తర్వాతి వారంలో జహేదా ఒకటి గమనించింది. ఆమె వచ్చేటప్పటికి ఇంకా చీకటే. ఎవరూ లేచి ఉండరు. వసారా పొడుగునా ఎర్ర పలకలే. పన్నెండోది మాత్రం పచ్చగా ఉంటోంది. మూడు రోజులు చూసింది. తిప్పడం మరిచావా అని దుర్గమ్మను అడిగితే, నాకేమన్నా మతి పోయిందా అని ఎదురు తిరిగింది. నాలుగో రోజు మనోరమనే అడిగింది.

"జల్దీ లేస్తున్నవమ్మా?"

మనోరమ అదోలా చూసింది. "నేనా? పలక ముట్టుడే బంద్ వెట్టిన. నువ్వు తిప్పుతలేవా?"

జహేదా గిన్నె తీసుకుని బయటికి వచ్చేసింది.

అయిదో రోజు మంచు బాగా పట్టింది. చెరువు మీది నుంచి వచ్చిన తెల్లటి తెర గేటు దాటి వసారాలోకీ పాకింది. కరెంటు లేదు. జనరేటరు ఇంకా వేయలేదు. జహేదా టార్చి పట్టుకుని మెట్లెక్కింది. ఫినాయిల్ వాసన, తడిసిన సున్నం వాసన. ఎనిమిది, ఎరుపు. తొమ్మిది, ఎరుపు. పది, ఎరుపు. పదకొండు దగ్గర ఫినాయిల్ వాసన పోయి ఇంకేదో వచ్చింది. ఘాటుగా, వెచ్చగా. మోకాళ్లకు రాసుకునే తైలం వాసన...

తాళం అలాగే ఉంది.

పన్నెండు. పచ్చ.

పలక మెల్లగా ఊగుతోంది. గాలి లేదు.

పచ్చ ఉంటే లోపలికి వెళ్లక్కర్లేదు. పద్ధతి అదే. జహేదా ఒక అడుగు ముందుకు వేసింది. ఇంకొకటి వేసింది.

టక్...

ఆగింది. చప్పుడు తలుపు అడుగు నుంచి వచ్చింది. పన్నెండో తలుపు అడుగు నుంచి.

టక్... టక్...

"యా అల్లా," అనుకుంది. కాళ్లు మెట్ల వైపు లాగుతున్నాయి. ఆ రోజు కూడా ఇలాగే కొట్టి ఉంటుంది. ఎంతసేపు కొట్టిందో. ఎవరూ రాలేదు. ఆ తలంపుతో ఏడుపు తన్నుకొచ్చింది. వెనక్కి తిరిగి తలుపు తోసింది.

మనోరమ నేల మీద ఉంది. చెంప గచ్చుకు ఆనుకుని, ఒక చెయ్యి తలుపు వైపు చాపి. ఆ చేతికి కడెం లేదు. గాజు కూడా లేదు. ఊపిరి మాత్రం సన్నగా ఆడుతోంది.

జహేదా కేక పెట్టింది. కింద దుర్గమ్మ పరుగెత్తిన చప్పుడైంది. జహేదా ముసలామె తల ఒళ్లోకి తీసుకుని, ఇన్నాళ్లూ ఆగిన మాట ఒక్కసారిగా కక్కేసింది.

"అమ్మా, శివమ్మవ్వ ఆ దినం బయటికి రానేలేదు. పలక తిప్పింది నేను. రోజూ నేనే తిప్పేది. నీ మీద కోపం కాదమ్మా. తప్పు నాది... నన్ను మాఫ్ చెయ్యి."

మనోరమ పెదాలు కదిలాయి. జహేదా చెవి ఒగ్గింది.

"ఎరుకనే... ఆమెనే చెప్పింది."

"ఎవరమ్మా?"

"చాయ్‌కి పిలువనీకి వస్తాంది గదా... రోజూ." కాసేపు ఊపిరి. "నీ మీద కోపం లేదంట. మంచి పిల్ల, నన్ను పండనిచ్చింది అన్నది. నీకు గూడ... గట్లనే జేస్తనన్నది."

అంబులెన్సు గేటు దాటేలోపే మనోరమ పోయింది.

జహేదా మధుసూదన్‌కు అంతా చెప్పింది. పలక సంగతి, ఎనిమిది నెలల సంగతి, ఆ శనివారం సంగతి. "ఇంటికి పో. నాలుగు దినాలు రాకు. తర్వాత చూద్దాం," అన్నాడు. తిట్టినా బాగుండేది అనుకుంది జహేదా.

ఇల్లు చేరేసరికి ఒళ్లు కాలిపోతోంది. బకెట్టు లోపల పొయ్యి పక్కన పెట్టి, తలుపుకు గొళ్లెం వేసి, ఏమీ తినకుండా పడుకుంది. జ్వరంలో లేవాలనిపించింది, లేవలేకపోయింది. దాహం వేసింది, చెయ్యి కదలలేదు. ఒకసారి కల్లో ఎవరో దుప్పటి సర్ది, పండుకో బిడ్డా అన్నట్టు అనిపించింది.

మెలకువ వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఎలాగో గోడ పట్టుకుని వెళ్లి గొళ్లెం తీసింది. వాకిట్లో నల్లా కింద నీలం బకెట్టు ఉంది. నీళ్లు నిండి పొర్లుతున్నాయి.

జహేదా వెనక్కి తిరిగి చూసింది. పొయ్యి పక్కన ఖాళీ.

ఎదురింట్లోంచి అనం వచ్చింది. ఆమె మొహం చూసి కంగారుపడి నుదుటి మీద చెయ్యి వేసింది. "క్యా భాభీ, గింత బుఖార్ ఉంటే జెప్పద్దా? పొద్దుగాల బకెట్ చూసి లేసినవనుకున్న."

"అనం," జహేదా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "రేపటిసంది బకెట్ చూడకు. తలుపు కొట్టు. నన్ను పిలువు. నేను పలికితేనే పో."

అనం నవ్వింది.

"పిలిచిన గద భాభీ. బకెట్ నిండి పొర్లుతుంటే తలుపు కొట్టి పిలిచిన. లోపటికెంచి పలికినవు గూడ. నీ గొంతు బొంగురువోయింది, సర్దేమో అనుకున్న." అనం చున్నీ సర్దుకుంటూ, ఆ గొంతును అనుకరించింది.

"లేసిన బిడ్డా, నువ్వు పో."